ఒకే పేటికపై రెండు జెండాలు

1984 సెప్టెంబరు 22న, ఈశాన్య ఫ్రాన్సులోని వెర్దన్ పట్టణానికి దగ్గరలో, దువోమోన్ అస్థిశాల ముందు ఒక శవపేటికను ఉంచారు. దాని మీద రెండు జెండాలు కప్పారు. ఒకటి ఫ్రాన్సుది, రెండోది జర్మనీది. పేటికకు ఎదురుగా ఫ్రాన్సు అధ్యక్షుడు ఫ్రాంస్వా మిత్తెరాన్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్ పక్కపక్కన నిలబడ్డారు. జాతీయగీతాలు మోగుతుండగా మిత్తెరాన్ పక్కకు చేయి చాచారు. కోల్ ఆ చేయి అందుకున్నారు. ఇద్దరూ ఒక మాటైనా అనుకోకుండా చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది.

దాన్ని ఒక క్షణంలో పొంగిన భావంగానే ఎక్కువమంది చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు. ముందుగా ఎవరూ రాసిపెట్టుకోని పని అది. కానీ భావం పొంగడానికైనా చోటు కావాలి, వేళ కుదరాలి, పక్కన నిలబడ్డ మనిషి అందుకోగలిగేంత దగ్గరలో ఉండాలి. ఆ రోజును కూర్చినవాళ్ళ పనితనం అంతా అక్కడే ఉంది. నిన్నటి శత్రువులు ఒకచోట నిలబడి యుద్ధమృతులకు నివాళి అర్పించడం అనే కార్యక్రమాన్ని, ఒక కట్టడాన్ని చూసినట్టు, ఏ భాగం ఏ బరువు మోస్తోందో చూస్తూ పరిశీలిస్తే ఆ ఫోటో మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. గెలిచినవాళ్ళు తమ విజయాన్ని తలుచుకోవడం సులువు: కవాతు, తుపాకుల వందనం, పతకాలు. ఓడినవాళ్ళు ఇంటి దగ్గర తమ వాళ్ళను తలుచుకుని ఏడవడమూ సులువే. ఇద్దరూ ఒకే నేల మీద, ఒకే గంటలో, ఒకరి కళ్ళెదుట ఒకరు ఆ పని చేయాలంటే ప్రతి చిన్న విషయమూ తేల్చుకోవాల్సిన ప్రశ్న అవుతుంది. ఎవరి నేల మీద కలవాలి? ఏ యుద్ధం, ఏ పోరు? ముందు ఎవరి సమాధుల దగ్గరికి వెళ్ళాలి? ఎవరు ఎంత వంగాలి? క్షమాపణ అనే మాట రావాలా, రాకూడదా? ఒక్క సమాధానం తప్పినా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న వృద్ధ సైనికుడో, కొడుకును పోగొట్టుకున్న తల్లో మా వాళ్ళను అమ్ముకున్నారని అంటారు. అలా అనే హక్కు వాళ్ళకుంది.

వెర్దన్‌ను ఎంచుకోవడంలోనే సగం పని జరిగిపోయింది. ఆ ఏడాదే జూన్ 6న నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగి నలభై ఏళ్ళైన సందర్భాన్ని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు నాయకులు జరుపుకున్నారు. కోల్ అక్కడ లేరు. నార్మండీ కథలో నాజీ పాలన నుంచి విముక్తి ఉంది. ఆ కథలో జర్మనీ నాయకుడికి నిలబడే చోటు అప్పటికింకా తయారు కాలేదు. వెర్దన్ వేరు. అది మొదటి ప్రపంచ యుద్ధపు పోరు. 1916 ఫిబ్రవరి 21న మొదలై డిసెంబరు 18 దాకా, పది నెలలు సాగింది. రెండు వైపులా కలిపి దాదాపు మూడు లక్షల మంది చనిపోయారు. చివరికి యుద్ధరేఖ దాదాపు మొదలైన చోటికే వచ్చింది. ఫ్రాన్సు దాన్ని తన నిలకడకు గుర్తుగా చెప్పుకుంటుంది. ఆ గర్వం న్యాయమైనదే. అయినా ఆ నేల మీద నిలబడితే ఎవరు గెలిచారన్న మాట కంటే ఎందరు పోయారన్న మాటే ముందు వస్తుంది. ఇరువురి దుఃఖాన్నీ ఒకే తక్కెడలో పెట్టగల చోటు అది.

ఆ చోటులో ఉన్న అస్థిశాల గురించి కాస్త ఆగి చెప్పాలి. 1932 ఆగస్టులో దాన్ని ప్రారంభించారు. పొడవు 137 మీటర్లు; మధ్యలో 46 మీటర్ల ఎత్తు గోపురం. ముందు వాలులో 16 వేలకు పైగా ఫ్రెంచి సమాధులు వరసలు కట్టి ఉంటాయి. కట్టడం లోపల గుర్తుపట్టలేని సుమారు 1,30,000 మంది సైనికుల ఎముకలున్నాయి. అందులో ఫ్రెంచివాళ్ళెవరో జర్మన్లెవరో ఎవరికీ తెలియదు. ఫిరంగి గుండ్లు పదే పదే తవ్విపోసిన నేలలో శరీరాలు ముక్కలై కలిసిపోయాయి. వాటిని ఏరి తెచ్చినవాళ్ళకు ఒక సమస్య ఎదురైంది: పేరు లేదు, దళం లేదు, దేశం కూడా లేదు, మరి ఏ లెక్కన విడదీసి పెట్టాలి? వాళ్ళు కనుగొన్న ఉపాయం ఇది. యుద్ధభూమిని ప్రాంతాలుగా విభజించి, ఏ ఎముక ఏ ప్రాంతంలో దొరికిందో ఆ ప్రాంతం పేరుతో పెట్టారు. పొడవాటి మండపంలో 46 గ్రానైట్ సమాధులున్నాయి. ఒక్కొక్కటీ యుద్ధభూమిలో ఒక్కో ప్రాంతానికి గుర్తు. మనిషిని జాతితో గుర్తించే వీలు పోయినప్పుడు, అతడు పడిపోయిన నేలతో గుర్తించారు. తెలిసినంత మేరకు చెప్పడం, తెలియనిది కల్పించకపోవడం అనే నిజాయితీ ఆ ఏర్పాటులో ఉంది. భవనం వెనకవైపు, నేలకు దగ్గరగా చిన్న కిటికీలున్నాయి. వంగి చూస్తే లోపలి ఎముకలు కనిపిస్తాయి. కట్టినవాళ్ళు వాటిని దాచలేదు, ప్రదర్శనగానూ పెట్టలేదు. చూడాలనుకున్నవాడు వంగాలి. అంతే.

ఆ ఎముకల గదులు ఒక విధంగా కోల్, మిత్తెరాన్‌ల కంటే యాభై ఏళ్ళ ముందే రాజీ పడ్డాయి. ప్రజల విరాళాలతో, ఒక ఫ్రెంచి బిషప్పు పట్టుదలతో, ఫ్రెంచి వీరుల కోసమే లేచిన ఆ కట్టడం తన కడుపులో జర్మన్లను కూడా దాచుకుంది. గోడల మీది పేర్లు మాత్రం చాలా కాలం ఫ్రెంచివాళ్ళవే. తొలి జర్మన్ సైనికుడి పేరు అక్కడ చెక్కింది 2014లో. అందుకే 1984లో ఆ భవనం ముందు ఒకే పేటిక మీద రెండు జెండాలు వేయడం కేవలం మర్యాద కాదు. లోపల నిజంగా ఉన్నదాన్ని బయట చూపించారు.

ఆ జర్మన్ జెండాను ఇంకా దగ్గరగా చూడాలి. నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండా అది. 1916లో వెర్దన్ దగ్గర చనిపోయిన జర్మన్ సైనికులు పోరాడింది దాని కింద కాదు. వాళ్ళది కైజర్ సామ్రాజ్యపు నలుపు, తెలుపు, ఎరుపు జెండా. మృతుల మీద వాళ్ళ కాలపు జెండా కప్పితే ఫ్రెంచి కళ్ళకు ఆక్రమణ గుర్తొచ్చేది. అసలు జెండాయే లేకపోతే వాళ్ళు అనాథలయ్యేవారు. ప్రజాస్వామ్య జర్మనీ తన జెండాను వాళ్ళ మీద కప్పి, ఆ సామ్రాజ్యం మాది కాదు గానీ ఈ బిడ్డలు మావాళ్ళే అని చెప్పగలిగింది. ఒక గుడ్డ ముక్క మోసిన అర్థం అంత!

తరువాతది వరస. ఆ రోజు ఇద్దరు నాయకులూ నేరుగా దువోమోన్ వెళ్ళలేదు. ముందు కాన్సెన్వాలో ఉన్న జర్మన్ సైనిక శ్మశానానికి వెళ్ళారు. అక్కడ 11 వేలకు పైగా జర్మన్లు ఉన్నారు. ఫ్రాన్సు అధ్యక్షుడు తన గడ్డ మీద, తన వాళ్ళ కంటే ముందు, దాడికొచ్చి చనిపోయిన వాళ్ళ దగ్గర పుష్పగుచ్ఛం పెట్టారు. ఆతిథ్యమిచ్చే ఇంటివాడు అతిథి దుఃఖాన్ని ముందు పలకరించడం అది. ఆ తర్వాతే ఫ్రెంచి సమాధుల దగ్గరికి. ఈ వరస తిరగబడితే అర్థమే మారిపోయేది: ముందు మా చనిపోయినవాళ్ళకు దండం పెట్టు, తర్వాత మీవాళ్ళను చూద్దాం అన్నట్టుండేది. జరిగిన వరసలో కోల్ దువోమోన్ చేరేసరికి ఎవరి అప్పూ మిగల్లేదు.

ఇక ఆ ఇద్దరు మనుషులు. మిత్తెరాన్ పుట్టింది 1916 అక్టోబరులో, అంటే వెర్దన్ పోరు సాగుతుండగానే. 1940 జూన్‌లో రెండో యుద్ధంలో సైనికుడిగా వెర్దన్ ప్రాంతంలోనే గాయపడి జర్మన్లకు బందీగా చిక్కారు. రెండు ప్రయత్నాలు విఫలమై, మూడోసారి తప్పించుకున్నారు. కోల్ తండ్రి మొదటి యుద్ధంలో వెర్దన్ దగ్గర పోరాడినవాడు. అన్న రెండో యుద్ధంలో చనిపోయాడు. కోల్ 1930లో పుట్టారు కాబట్టి ఆయన చేతికి తుపాకి వచ్చే వయసుకు ముందే యుద్ధం ముగిసింది. ఒకరు ఆ యుద్ధాల గాయం స్వయంగా మోసినవారు, మరొకరు ఆ యుద్ధాలు తన ఇంట్లో ఖాళీ చేసిన చోటును చూసినవారు. ఇద్దరిలో ఎవరూ అక్కడ నటించాల్సిన పని లేదు. ఇలాంటి కార్యక్రమాల్లో ఇది చాలా పెద్ద విషయం. పదవి నిలబడితే సరిపోదు, ఆ మనిషి బతుకు కూడా అక్కడ నిలబడాలి.

అసలు ఘట్టం ఇప్పుడు. గీతాలు మోగే నిమిషాల్లో నాయకులు చేయాల్సిన పని ఏదీ లేదు. ఉపన్యాసం లేదు, చేతిలో కాగితం లేదు, నడవాల్సిన దూరం లేదు. వానాకాలం చెక్క ఉబ్బుతుందని తెలిసిన వడ్రంగి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య కాస్త సందు వదిలినట్టు, ఆ కార్యక్రమంలో ఆ సందు ఉంది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి లేడు. చేయి చాస్తే అందే దూరం. మిత్తెరాన్ చేయి ఆ సందులోనే కదిలింది. నిమిషం నిమిషానికీ పని పెట్టిన కార్యక్రమమైతే ఆ చేయి జేబులోనో, కాగితం మీదో ఉండిపోయేది. మనుషులను మనుషులుగా ఉండనిచ్చే ఖాళీని వదలడం కూర్పరి నేర్వాల్సిన అతి కష్టమైన విద్య. మిత్తెరాన్ పొట్టి, కోల్ చాలా పొడుగు, భారీ మనిషి. ఫోటోలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్న మనిషి చేయి చాచడం, పెద్ద మనిషి అందుకోవడం, అడిగింది ఎవరు, ఇచ్చింది ఎవరు అనే ప్రశ్నను కూడా చెరిపేసింది.

ఆ రోజుకు గుర్తుగా దువోమోన్‌లో ఒక ఫలకం ఉంది. ఇద్దరు నాయకులూ ఇక్కడ కలిశారని, రెండు యుద్ధాల మృతులకూ నివాళి అర్పించారని, మేం రాజీ పడ్డాం, ఒకరినొకరు అర్థం చేసుకున్నాం, స్నేహితులమయ్యాం అని దాని సారాంశం. మూడు చిన్న మాటలు, మూడు మెట్లు. క్షమించాం అని లేదు, మరిచాం అని అంతకంటే లేదు. ఆ రెండు మాటలూ చనిపోయినవాళ్ళ తరఫున చెప్పే అధికారం ఏ అధ్యక్షుడికీ లేదని ఆ ఫలకం రాసినవాళ్ళకు తెలుసు.

ఇలాంటి పని చెడితే ఎలా చెడుతుందో చూపడానికి ఎనిమిది నెలలు కూడా పట్టలేదు. వెర్దన్ చూసి కదిలిన కోల్, అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్‌ను తనతో పాటు ఒక జర్మన్ సైనిక శ్మశానానికి రమ్మన్నారు. 1985 మే నెలలో బిట్‌బర్గ్ పట్టణ శ్మశానం అని నిర్ణయించారు. ముందుగా చూసి రావడానికి వెళ్ళిన బృందానికి సమాధి ఫలకాలు మంచు కింద ఉండి కనబడలేదు. మంచు కరిగాక, వార్త బయటికొచ్చాక తెలిసింది: అక్కడున్న సుమారు రెండు వేల సమాధుల్లో 49 హిట్లర్ ఎస్.ఎస్. సాయుధ దళం వాళ్ళవి. ఆపైన, అక్కడ పడుకున్నవాళ్ళూ నిర్బంధ శిబిరాల్లో చనిపోయినవాళ్ళలాగే బాధితులే అన్న అర్థంలో రేగన్ మాట్లాడారు. శిబిరాల నుంచి బతికి బయటపడిన రచయిత ఎలీ వీజెల్, శ్వేతసౌధంలోనే, అధ్యక్షుడి ముఖం మీదే, మీరు నిలబడాల్సిన చోటు అది కాదని చెప్పారు. కార్యక్రమం ఆగలేదు. ముందు బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి వెళ్ళడం చేర్చారు. బిట్‌బర్గ్‌లో గడిపేది నిమిషాలకు కుదించారు. అమెరికా జనరల్ మాథ్యూ రిడ్జ్‌వే, జర్మనీ జనరల్ యోహానెస్ స్టైన్‌హాఫ్ అక్కడ చేతులు కలిపారు. పైకి చూస్తే వెర్దన్‌లో ఉన్నవన్నీ ఉన్నాయి: సమాధులు, పూలు, ఇద్దరు నాయకులు, కలిసిన చేతులు. నిలబడలేదు. వెర్దన్‌లో సమానమైంది దుఃఖం. బిట్‌బర్గ్‌లో నేరం కూడా సమానమైపోతున్నట్టు కనిపించింది. నా దృష్టిలో ఈ విద్య అంతా ఆ రెంటి మధ్య గీతను ఎక్కడ గీయాలో తెలుసుకోవడమే.

బిట్‌బర్గ్ నుంచి ఎంత నేర్చుకున్నారో 2004లో కనిపించింది. నార్మండీ అరవయ్యో వార్షికోత్సవానికి తొలిసారి ఒక జర్మన్ ఛాన్సలర్‌కు ఆహ్వానం అందింది. గెర్హార్డ్ ష్రోడర్ వెళ్ళారు. ఆయన తండ్రి 1944లో రొమేనియాలో చనిపోయిన సైనికుడు; కొడుకును చూడనేలేదు. నార్మండీలో లా కాంబ్ అనే పెద్ద జర్మన్ శ్మశానం ఉంది. ఎస్.ఎస్. వాళ్ళు కూడా అక్కడ ఉన్నారు. ష్రోడర్ అక్కడికి పోలేదు. రాన్‌విల్‌లోని బ్రిటిష్ కామన్వెల్త్ శ్మశానానికి వెళ్ళారు. అక్కడ రెండు వేలకు పైగా కామన్వెల్త్ సైనికుల నడుమ మూడు వందలకు పైగా జర్మన్లు కూడా ఉన్నారు. తనవాళ్ళను వదిలేయలేదు, కానీ గెలిచినవాళ్ళు తమ మృతుల పక్కన చోటిచ్చిన తనవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. శ్మశానం ఎంపికలోనే మాట్లాడాల్సిందంతా మాట్లాడేశారు.

2016లో వెర్దన్ శతాబ్ది ఉత్సవం ఇంకో రకంగా తడబడింది. అప్పటి ఫ్రాన్సు అధ్యక్షుడు ఫ్రాంస్వా ఒలాంద్, జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ వచ్చారు. సినిమా దర్శకుడు ఫోల్కర్ ష్లోన్‌డోర్ఫ్ రూపకల్పనలో మూడు వేలకు పైగా ఫ్రెంచి, జర్మన్ యువతీ యువకులు డప్పుల మోతతో సమాధుల మధ్య పరుగులు తీశారు. ఉద్దేశం మంచిదే: ఆ వయసు పిల్లలే అక్కడ చనిపోయారు. కానీ సమాధుల వరసల మధ్య పరుగు చాలామందికి మింగుడు పడలేదు. ఎక్కువ చేయడం కూడా లోపమే.

ఫ్రాన్సులోనే ఉన్న కాంపియేన్ అడవిలో ఈ పని మరీ కష్టమైంది. ఎందుకంటే అక్కడ ఒకప్పుడు ఇదే విద్యను అవమానించడానికి వాడారు. 1918 నవంబరు 11న ఫ్రెంచి సేనాధిపతి ఫోష్ రైలుపెట్టెలో, నంబరు 2419డి, జర్మన్లు యుద్ధవిరమణ పత్రం మీద సంతకం చేశారు. ఆ పెట్టెను తర్వాత ఆ అడవిలోనే ఒక మందిరం కట్టి అందులో ఉంచారు. 1940లో ఫ్రాన్సు ఓడినప్పుడు హిట్లర్ ఆ మందిరం గోడ పగలగొట్టించి, పెట్టెను లాగించి, 1918లో అది నిలబడ్డ చోటే నిలబెట్టించి, జూన్ 22న ఫ్రెంచి ప్రతినిధుల చేత అందులోనే సంతకం చేయించాడు. తర్వాత ఆ చోటును ధ్వంసం చేయించి, ఫోష్ విగ్రహాన్ని మాత్రం వదిలేశాడు, శూన్యాన్ని చూస్తూ ఉండమని. పెట్టెను జర్మనీకి తరలించారు. 1945లో అది అక్కడే నాశనమైంది. ఎంత శ్రద్ధగా చేసిన ద్వేషం! చోటు, వస్తువు, కుర్చీల అమరిక, అన్నీ తెలిసిన చేయి చేసిన పని. కూర్పు విద్యకు తనంతట తాను మంచీ చెడూ లేవని ఆ అడవి గుర్తుచేస్తుంది.

యుద్ధం తర్వాత అదే తరహా ఇంకో పెట్టెను అక్కడ నిలిపారు. 2018 నవంబరు 10న ఫ్రాన్సు అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మాక్రోన్, మెర్కెల్ ఆ చోటికి వచ్చారు. 1940 తర్వాత రెండు దేశాల నాయకులు అక్కడ కలవడం అదే మొదలు. ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఉన్న కొత్త ఫలకాన్ని ఆవిష్కరించి, పెట్టెలోకి ఎక్కి, బల్ల ముందు పక్కపక్కన కూర్చుని సందర్శకుల పుస్తకంలో సంతకాలు చేశారు. 1918లోనూ 1940లోనూ ఆ బల్లకు ఇరువైపులా ఎదురెదురుగా కూర్చున్నారు. ఈసారి ఒకే వైపు. రెండు కుర్చీలు జరపడంతో రెండు సంతకాలకు జవాబు చెప్పారు.

పసిఫిక్ వైపు ఈ పనిని కట్టడాలే ఎక్కువ మోశాయి. హిరోషిమా స్మారకాన్ని వాస్తుశిల్పి కెంజో టాంగే 1952లో కమాను ఆకారంలో కట్టారు. దాని ముందు నిలబడితే కమాను లోంచి, ఒకే గీతలో, శాంతి జ్వాల, ఆ వెనక అణుబాంబుకు మిగిలిన గోపురపు శిథిలం కనిపిస్తాయి. కమాను కింది రాతిపెట్టెలో మృతుల పేర్ల జాబితాలు ఉంటాయి. 2016 మే 27న అప్పటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా అక్కడ పుష్పగుచ్ఛం పెట్టి తల ఎత్తినప్పుడు ఆయన చూపు ఎక్కడ పడాలో అరవై ఏళ్ళ కిందటే టాంగే నిర్ణయించి పెట్టారు. ఒబామా క్షమాపణ చెప్పలేదు. తాను స్వయంగా మడిచిన కాగితపు కొంగలు నాలుగు తీసుకెళ్ళి, రెండు అక్కడి బడిపిల్లలకిచ్చి, రెండు సందర్శకుల పుస్తకం దగ్గర వదిలారు.

అదే ఏడాది డిసెంబరు 27న జపాన్ ప్రధాని షింజో అబే ఒబామాతో కలిసి హవాయిలోని పెర్ల్ హార్బర్ వెళ్ళారు. 1941లో జపాన్ విమానాల దాడిలో మునిగిన ఆరిజోనా యుద్ధనౌకలో 1,177 మంది చనిపోయారు. వాళ్ళలో తొమ్మిది వందల మందికి పైగా ఇప్పటికీ ఆ నౌకలోనే ఉన్నారు. ఆ నౌకకు అడ్డంగా, నీటి మీద, తెల్లటి స్మారకం ఉంది. పొడవు 56 మీటర్లు. నౌక ఒంటికి అది ఎక్కడా తగలదు. రెండు పక్కలా సముద్రంలో దించిన స్తంభాల మీద బరువంతా మోపి, నౌక మీదుగా వంతెనలా దాటుతుంది. సమాధి మీద కాలు పెట్టకుండా సమాధి దగ్గర నిలబడే ఉపాయం అది. కప్పు రెండు కొసలా లేచి ఉండి, మధ్యలో కిందికి కుంగి ఉంటుంది: మొదట పడటం, తర్వాత లేవడం. దాన్ని రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ ప్రైస్ వియన్నా వాడు. నాజీల నుంచి తప్పించుకుని హవాయి చేరినవాడు. పెర్ల్ హార్బర్ దాడి జరగగానే అమెరికా ఆయన్నే శత్రుదేశీయుడని నిర్బంధించింది. శత్రువన్న ముద్ర మోసిన చేత్తో గీసిన స్మారకంలో, ఒకప్పటి శత్రుదేశపు ప్రధాని నిలబడి, పేర్ల గోడ ముందు పుష్పగుచ్ఛం పెట్టి, నీటిలోకి పూలరేకులు వదిలారు.

నాయకులు వస్తారు, వెళ్తారు, కార్యక్రమం అయిపోతుంది. అది అయిపోకుండా ఉండేలా చేయగలమా అన్న ప్రశ్నకు జవాబుగా కట్టింది ఉత్తర ఫ్రాన్సులో, నోత్ర్ దామ్ ద లోరెత్ గుట్ట మీది స్మృతివలయం. వాస్తుశిల్పి ఫిలిప్ ప్రోస్త్. 2014 నవంబరు 11న ఒలాంద్ దాన్ని ప్రారంభించగా, అప్పటి జర్మనీ రక్షణ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లైయెన్ కూడా హాజరయ్యారు. అండాకారపు పెద్ద వలయం అది. చుట్టుకొలత 328 మీటర్లు. లోపలి వైపు మూడు మీటర్ల ఎత్తున్న 500 లోహపు పలకలు, కంచు రంగువి. వాటి మీద ఆ ప్రాంతంలో మొదటి యుద్ధంలో చనిపోయిన 5,79,606 మంది పేర్లు. హోదా లేదు, దేశం లేదు, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళు అన్న విభజన లేదు. అక్షరక్రమం ఒక్కటే. ఒక పలక ముందు నిలబడితే వెయ్యికి పైగా పేర్లు సన్నని వరసల్లో కిందికి జారుతుంటాయి. ఒకే ఇంటిపేరు పదులసార్లు వస్తుంది. ఒక ఇంగ్లీషు పేరు కింద జర్మన్ పేరు, దాని కింద ఫ్రెంచి పేరు. ఆ అక్షరాల రూపాన్ని కూడా ఈ పని కోసమే కొత్తగా దిద్దారు. వలయం చాలా భాగం నేల మీద ఆనుకుని ఉంటుంది. గుట్ట వాలు మొదలైన చోట మాత్రం 56 మీటర్ల మేర నేలను విడిచి గాలిలో నిలుస్తుంది. నారలు కలిపిన అతి బలమైన కాంక్రీటు, దాన్ని లోపలి నుంచి బిగించి పట్టిన ఉక్కు తీగలు ఆ భాగాన్ని మోస్తున్నాయి. శాంతి కూడా ఇలాగే, కింద ఆసరా లేని చోట బిగువుతోనే నిలుస్తుందని ప్రోస్త్ ఉద్దేశం. ఆ ఉద్దేశం తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ భాగం మీద నడుస్తుంటే కింద నేల లేదని కాళ్ళకు తెలుస్తుంది.

అక్షరక్రమం అన్నది చాలా చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది. వెర్దన్‌లో ఒకే పేటిక మీద రెండు జెండాలు వేసి సాధించినదాన్ని, ఇక్కడ జెండాలు తీసేసి సాధించారు. ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు ఏ రాజ్యమూ అభ్యంతరం చెప్పలేని జవాబు అది.

ఆ పేర్లలో మనవాళ్ళూ ఉన్నారు. అవిభక్త భారతదేశం నుంచి బ్రిటిష్ ఇండియా సైన్యంలో వెళ్ళి, 1914, 1915ల్లో ఆ చలిలో చనిపోయిన సిపాయిలు. అక్కడికి దగ్గర్లోనే నూవ్ షాపెల్‌లో భారతీయులకు విడిగా ఒక స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా మనవాళ్ళ పేర్లు అక్కడ ఉన్నాయి. 2015 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ అక్కడికి వెళ్ళి నివాళి అర్పించారు. ఏటా ఎందరో తెలుగువాళ్ళు పారిస్ చూసి ఈఫిల్ టవర్ దగ్గర ఫోటో దిగి తిరిగొస్తున్నారు. పారిస్ ఉత్తర స్టేషన్‌లో వేగపు రైలెక్కితే ఆరాస్ పట్టణం గంటలోపే వస్తుంది. అక్కడి నుంచి లోరెత్ గుట్ట కారులో కొద్ది దూరమే. ఒక పూట దానికి కేటాయించండి. వలయంలో ఒక భారతీయుడి పేరు వెతికి పట్టుకోండి. పట్టుకున్నాక దాని పైన ఉన్న పేరూ, కింద ఉన్న పేరూ కూడా చదవండి.